పాత సీసపు సైనికులు: ఎప్పుడు చవక, ఎప్పుడు ఖరీదు?

చరిత్రలోని యుద్ధాలను టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడుకోవడం బ్రిటన్‌లో పాత అలవాటే. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే ‘లిటిల్ వార్స్’ పేరుతో ఈ ఆటకు నియమాల పుస్తకం రాశారు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ వచ్చాక ఇది పెద్దవాళ్ల హాబీగా నిలదొక్కుకుంది. ఆ రోజుల్లో జేబు ఖర్చుతో సైన్యాలు కొనుక్కున్న కుర్రాళ్లు ఇప్పుడు 60, 70 దాటారు. ఇల్లు మారేటప్పుడో, మనిషి పోయాకో ఆ డబ్బాలు ఒక్కొక్కటిగా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వస్తున్నాయి.

ఆ డబ్బాల్లో నెపోలియన్, రోమన్ సైనికులే కాదు, సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ రౌతులు, ఉస్మానీ జానిసరీలు, మొఘల్ ఏనుగులు కూడా ఉంటాయి. బ్రిటన్‌లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు చరిత్ర పాఠం నుంచి ఈ ఆటవైపు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. కొత్త బొమ్మల ధర చూసి, పాతవి కొందామని తల్లిదండ్రులు అనుకోవడమూ సహజమే. అయితే పాత డబ్బా మీద రాసిన ధర అసలు ధర కాదు. అందులో ఏ లోహం ఉందో తెలియకుండా దాన్ని ఇంట్లోకి తేవడం కూడా మంచిది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1187 హత్తీన్ యుద్ధం ఆడటానికి ఒక కుర్రాడు 15 మిల్లీమీటర్ల సైజులో అయ్యూబీ సైన్యం వెతుకుతున్నాడు. బ్రిటన్‌లో వార్‌గేమింగ్ మేళా జరిగితే చాలాచోట్ల ‘బ్రింగ్ అండ్ బై’ అని ఒక టేబుల్ పెడతారు. అమ్మేవాళ్లు తమ సరుకు మీద ధర చీటీ అంటించి అక్కడ వదిలేస్తారు. అమ్ముడైతే నిర్వాహకులు కొంత కమీషన్ పట్టుకుని మిగతాది చేతికిస్తారు. అమ్మేవాడు చాలాసార్లు ఎదురుగా ఉండడు కాబట్టి లోపం ఏమిటని అడగడానికి మనిషి దొరకడు. మూత తీసి చూసుకోవాల్సింది కొనేవాడే.

అక్కడ 100 బొమ్మల డబ్బా 40 పౌండ్లకు దొరికిందనుకుందాం. బొమ్మకు 40 పెన్నీలే కదా అనిపిస్తుంది. ఇంటికొచ్చి విప్పితే 20 బొమ్మలు పనికిరావు: కొన్నిటికి తల లేదు, కొన్ని వేరే కాలం సైన్యానివి. అంటే మిగిలిన 80 ఒక్కొక్కటి 50 పెన్నీలు పడ్డట్టు. కొత్త బేస్‌లకు 8 పౌండ్లు, రంగులు, జిగురు, వార్నిష్‌కు 20 పౌండ్లు వేసుకుంటే మొత్తం 68 పౌండ్లు, బొమ్మకు 85 పెన్నీలు. ఇది ఊరికే వేసిన లెక్కే గానీ దారి మాత్రం ఇదే. ఈ హిసాబు కొనకముందే వేసుకోవాలి. అప్పుడు పెయింట్ చేయని కొత్త బొమ్మల ధర పక్కన పెట్టి చూస్తే బేరం నిజంగా బేరమో కాదో తేలిపోతుంది.

సైజు దగ్గర కూడా మోసపోతారు. 15, 25, 28 అని చెప్పే అంకెలు మిల్లీమీటర్లలో బొమ్మ ఎత్తు. కానీ ఒకరు పాదం నుంచి కంటి వరకు కొలుస్తారు, ఇంకొకరు నడినెత్తి వరకు. పైగా ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలు పెరుగుతూ వచ్చాయి. 1970ల నాటి 25 మి.మీ. సైనికుడిని నేటి 28 మి.మీ. సైనికుడి పక్కన నిలబెడితే తండ్రీ కొడుకుల్లా ఉంటారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పక్కన స్కేల్ పెట్టి తీసిన ఫొటో అడగడం నామోషీ కాదు.

నకిలీలూ ఉన్నాయి. అసలు బొమ్మతో రబ్బరు అచ్చు తీసి, అందులో మళ్లీ పోత పోసి అమ్మేస్తారు. లోహం చల్లారినప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు కంటే కాస్త చిన్నగా వస్తుంది. ముఖంలో కళ్లు, మూతి అలికేసినట్టు ఉంటాయి. అచ్చు అతుకు గీత ఒక పక్కకు జరిగి కనిపిస్తుంది.

సీసం సంగతి

పాత లోహపు బొమ్మల్లో సీసం ఎక్కువ. 1990ల నుంచి చాలా కంపెనీలు తగరం ఎక్కువున్న మిశ్రమాలకు మారాయి గానీ అందరూ మారలేదు. రంగు లేని అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ లాంటి బూడిద గీత పడితే సీసం ఉన్నట్టే అనుకోవచ్చు. కత్తి, ఈటె వేలితో నొక్కగానే మెత్తగా వంగినా అదే సూచన.

సీసం విషయంలో ఇంత ఉంటే ఫర్వాలేదు అనే సురక్షిత స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదల మీదే దాని దెబ్బ ఎక్కువ. కాబట్టి ఇవి బొమ్మల్లా కనిపించినా పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన డబ్బాలోనే ఉండాలి. పెద్ద పిల్లలైనా ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. ఆకురాయితో రాయాల్సి వస్తే తడిపి రాయాలి, పొడి గాల్లోకి లేవకూడదు. అన్నం తినే టేబుల్ మీద, దస్తర్‌ఖాన్ పరిచే చోట ఈ పని అస్సలు చేయొద్దు.

డబ్బాలో తెల్లటి బూజులాంటి పొడి కనిపిస్తే అది బూజు కాదు, సీసం తినేస్తున్న రోగం. కలప, అట్టపెట్టె, కొన్ని రంగులు, జిగుర్ల నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి సీసంతో కలిసి లెడ్ కార్బొనేట్‌గా మారుతుంది. ఆ పొడి విషం. దాన్ని ఊదకూడదు, దులపకూడదు. పైపైన మాత్రమే ఉంటే గ్లోవ్స్ వేసుకుని తడి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి, ప్రైమర్ కొట్టవచ్చు. చీలమండల దగ్గర గుంటలు పడితే మాత్రం ఆశ వదులుకోవడమే. ఎంత చవకైనా అలాంటి డబ్బా కొనకపోవడమే తెలివి.

రంగు తీయాలా?

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరూ చేసే తప్పు ఇదే: కొన్న రోజే మొత్తం రంగు వదిలించడానికి కూర్చుంటారు. చాలావరకు అక్కర్లేదు. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, ముఖం, తలపాగా, డాలు మాత్రం మళ్లీ దిద్ది, పల్చటి ముదురు రంగు పూస్తే మడతల్లోకి దిగి బొమ్మకు ప్రాణం వస్తుంది. 15 మి.మీ. సైనికుడిని ఎలాగూ మూడడుగుల దూరం నుంచే చూస్తారు.

రంగు పొరలు పొరలుగా పేరుకుని ముఖమే కనిపించనప్పుడు తీయక తప్పదు. అక్కడివాళ్లు దీనికి ఎన్నో ఏళ్లుగా వాడేది మన ఇళ్లలో ఉండే డెట్టాలే. నీళ్లు కలపని డెట్టాల్‌లో బొమ్మల్ని ఒక రోజు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతారు. కిటుకు ఒకటుంది. రుద్దగానే నీళ్లలో ముంచితే కరిగిన రంగు బంకలా అతుక్కుపోతుంది. ముందు ఇంకో గిన్నెలోని డెట్టాల్‌లోనే జాడించి, ఆ తర్వాతే సబ్బునీళ్లలో కడగాలి. గ్లోవ్స్, తెరిచిన కిటికీ తప్పనిసరి. ఇంట్లో పిల్లి ఉంటే దాన్ని దూరంగా ఉంచాలి, ఈ మందు పిల్లులకు విషం. ఎసిటోన్ లోహపు బొమ్మలకు పనిచేస్తుంది గానీ ఇట్టే అంటుకుంటుంది, గట్టి ప్లాస్టిక్ బొమ్మల్ని కరిగించేస్తుంది.

విరిగినవి

వంగిన కత్తిని ఒక్కసారిగా లాగి సరిచేస్తే విరుగుతుంది. వేళ్లతో మెల్లగా, రెండు మూడు దఫాల్లో నిటారు చేయాలి. విరిగిన చేతిని, గుర్రం కాలిని ఒట్టి సూపర్ గ్లూతో (మన ఫెవిక్విక్ లాంటిది) అతికిస్తే మొదటి ఆటలోనే ఊడుతుంది. చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో రెండు వైపులా అర మిల్లీమీటర్ రంధ్రం చేసి, సన్నటి ఇత్తడి తీగ దూర్చి, అప్పుడు జిగురు వేస్తే నిలుస్తుంది. సందుల్లో రెండు ముద్దలు కలిపే పుట్టీ, ప్లంబర్లు వాడే ఎం-సీల్ తరహాది, నింపాలి. పోయిన ఈటెలకు సన్నని స్టీల్ తీగ చాలు, కాకపోతే కొన కొంచెం మొద్దుగా ఉంచాలి, వేలికి గుచ్చుకుంటుంది.

బేస్ మార్చడం

ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. బేస్ అంటే బొమ్మ నిలబడే అడుగు పలక. ఆట నియమాలన్నీ దాని కొలత మీదే నడుస్తాయి. 1990లో వచ్చిన ‘డి బెల్లిస్ యాంటిక్విటాటిస్’ నియమాల్లో సైన్యం అంటే 12 పలకలు. 15 మి.మీ. బొమ్మలకు పలక వెడల్పు 40 మి.మీ., 25 మి.మీ. బొమ్మలకు 60. మామూలు అశ్వికుల పలక మీద 3 గుర్రాలు, తేలిక రౌతుల పలక మీద 2. కుర్రాడు కొన్న డబ్బాలో బొమ్మలు విడివిడి నాణేల మీద అతికించి ఉంటే వాటిని ఊడదీసి మళ్లీ అతికించాలి. ఊడదీసే ముందు తాను ఎవరితో ఆడబోతున్నాడో, వాళ్లు ఏ కొలత వాడుతున్నారో అడగాలి. అడగకపోతే ఏడాది తిరక్కుండా ఇదే పని రెండోసారి పడుతుంది. అసలు ఊడదీయకుండానే, గుంటలు కోసిన పళ్లెం లాంటి పలకలో ఆ నాణేలను కూర్చోబెట్టే పద్ధతి కూడా ఉంది. ఓపిక తక్కువున్నవాళ్లకు అదే నయం.

ఊడదీయక తప్పదంటే చాకు పెట్టి పెకలించొద్దు, చీలమండ దగ్గర తెగుతుంది. తెల్ల జిగురుతో అంటించి ఉంటే పలకను రాత్రంతా నీళ్లలో ఉంచితే చాలు. సూపర్ గ్లూ అయితే కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెడితే జిగురు పెళుసుబారి పక్కకు నొక్కగానే టక్కున వదులుతుంది. సీసపు బొమ్మలైతే మూసిన డబ్బాలో పెట్టాలి, ఆహారానికి తగలకుండా. కొత్త పలక మీద తెల్ల జిగురు పూసి, సన్నని ఇసుక చల్లి, ఆరాక మట్టి రంగు వేయాలి. హత్తీన్ యుద్ధం జూలై ఎండలో జరిగింది. అక్కడ పచ్చగడ్డి అంటిస్తే బాగోదు, ఎండిన గడ్డి రంగే సరి.

పాత జెండాల మీద అరబీ రాతలా కనిపించే గీతలు చాలావరకు ఊరికే గీసిన వంకరలే. మన పిల్లలు ముందు పట్టేసేది అదే. ఆ జెండాను తీసేసి కాగితం మీద కొత్తది వేసుకోవడం పది నిమిషాల పని.

పని పూర్తయ్యాక అలవాటుగా చెక్క సొరుగులో దాచొద్దు. సీసానికి ఆ చెక్క ఆవిరే శత్రువు. పలక కింద అయస్కాంతపు షీట్ అంటించి, లోపల ఇనుప రేకు పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో నిలబెడితే బొమ్మలు ఒకదానికొకటి తగలవు. అప్పుడప్పుడు మూత తీసి గాలి తగలనివ్వాలి, తెల్ల పొడి ఏమైనా మొదలైందేమో చూసుకోవాలి.