లారీ డ్రైవరు కార్డు ఎన్ని రోజులు గుర్తుంచుకుంటుంది?

హైదరాబాదు పాతబస్తీలో మదీనా కూడలి నుంచి చార్మినార్ వైపు నడుస్తూ ఉంటే, రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులతో ఒకే తీరుగా కట్టిన దుకాణాల వరస కనిపిస్తుంది. అదే పత్తర్‌గట్టి. పత్తర్ అంటే ఉర్దూలో రాయి. 1908లో మూసీ నదికి పెద్ద వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. ఆ తరువాత నగరాన్ని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఈ రాతి బజారు ఆ బోర్డు కట్టించినదే. బట్టలకు, ముత్యాలకు, అత్తరుకు ఇది పేరు పొందిన చోటు.

ఇలాంటి బజార్లలో ఇప్పుడు పైకి చూస్తే కెమెరాలు కనిపిస్తాయి. వచ్చే పోయే వాళ్లందరినీ అవి చిత్రిస్తూ ఉంటాయి. జనం ఎక్కువగా చేరే సంస్థలు ఆ చిత్రాలను 30 రోజులపాటు భద్రపరచాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం చెప్పింది. సరే, ఒక దుకాణంలో ఏదో పోయింది. ఆ సంగతి 40వ రోజున గాని యజమాని గమనించలేదు. అప్పుడు పాత చిత్రాలు దొరుకుతాయా? చాలాచోట్ల దొరకవు. యంత్రం వాటిని చెరిపేసి, వాటి చోటులోనే కొత్తవి రాసుకుని ఉంటుంది.

అంటే యంత్రాలకూ మరుపు ఉందన్నమాట! అయితే మన మరుపులాగా అది ఎప్పుడు పడితే అప్పుడు రాదు. దానికి ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఎంత చక్కనిదో తెలుసుకోవాలంటే దుకాణంలోని కెమెరాను వదిలి, ఆ దుకాణానికి సరుకు మోసుకొచ్చే లారీ దగ్గరకు వెళ్లాలి.

కునుకుపాటు ఖరీదు

పత్తర్‌గట్టి బట్టల దుకాణాలకు సూరత్ లాంటి దూరపు ఊళ్ల నుంచి సరుకు లారీల మీద వస్తుంది. ఆ లారీ నడిపే మనిషికి రాత్రీ పగలూ ఒకటే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకండులో 22 మీటర్లు దాటుతుంది. డ్రైవరుకు 3 సెకండ్లపాటు కన్ను మూతపడిందనుకోండి. ఆ కాస్త సేపట్లో లారీ 66 మీటర్లు ముందుకు పోతుంది. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. అలాంటి కోర్టులు అయిదు వరసగా పెడితే ఎంత దూరమో, అంత దూరం లారీ కళ్లు మూసుకుని పరుగెత్తినట్లే!

17 గంటలు ఏకబిగిన మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 0.03 శాతం. అంటే చుక్క మందు ముట్టకపోయినా, నిద్ర లేని డ్రైవరు తాగినవాడితో సమానమే.

తాగినదీ లేనిదీ కనుక్కోవడానికి ఊదించి చూసే సాధనం ఉంది. నిద్ర లేని సంగతి కనుక్కోవడానికి అలాంటి సాధనం లేదు. అందుకని, అతను ఎన్ని గంటలు నడిపాడో రాసిపెట్టే ఏర్పాటు ఒకటి కావలసి వచ్చింది. దాని పేరే టాకోగ్రాఫ్. ఇది గ్రీకు భాషలోని రెండు మాటల కూర్పు. ఒకటి వేగం, రెండోది రాత.

మైనపు బిళ్ల నుంచి చిప్పు దాకా

మొదటి రకం టాకోగ్రాఫ్‌లో మైనపు పూత పూసిన గుండ్రటి కాగితపు బిళ్ల ఉండేది. గడియారపు యంత్రం దాన్ని 24 గంటలకు ఒక చుట్టు తిప్పేది. సన్నని ములుకు ఒకటి దాని మీద గీతలు గీసేది. బండి ఎప్పుడు కదిలింది, ఎంత వేగంతో పోయింది, ఎప్పుడు ఆగింది అన్నీ ఆ గీతల్లో కనిపించేవి. రోజుకొక బిళ్ల. దాచుకున్నంతకాలం అది పనికి వచ్చేది. కాని దాన్ని చింపెయ్యవచ్చు, మార్చెయ్యవచ్చు, పోయిందని చెప్పవచ్చు.

అందువల్ల ఐరోపా సమాఖ్య దేశాల్లో 2006 మే 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే పెద్ద లారీలకు డిజిటల్ టాకోగ్రాఫ్‌ను తప్పనిసరి చేశారు. ప్రతి డ్రైవరుకూ చిప్పు ఉన్న తెల్లని కార్డు ఒకటి ఇస్తారు. చూడడానికి బ్యాంకు కార్డులాగే ఉంటుంది. బండి ఎక్కగానే డ్రైవరు దాన్ని టాకోగ్రాఫ్‌లో పెట్టాలి. మర్నాడు మరో లారీ ఎక్కితే కార్డు కూడా అతనితోపాటే వెళుతుంది. లారీలోని పెట్టె లారీ సంగతులు గుర్తుపెట్టుకుంటే, కార్డు మనిషి సంగతులు గుర్తుపెట్టుకుంటుందన్నమాట.

అక్కడి నియమం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విరామం తీసుకోవాలి. సగటున గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోతే అది 270 కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఇంచుమించు అంతే. రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా నడపవచ్చు. వారం మొత్తంలో 56 గంటలు దాటరాదు.

రెండు బైట్లలో ఒక కబురు

కార్డు ఈ సంగతులన్నీ ఎలా రాసుకుంటుంది? అది నిమిషం నిమిషానికీ దినచర్య రాయదు. పని మారినప్పుడు మాత్రమే రాస్తుంది. డ్రైవరు పని నాలుగు రకాలు: విశ్రాంతి, పిలిస్తే వచ్చేందుకు సిద్ధంగా ఉండడం, ఇతర పనులు, బండి నడపడం. ఒక రకం నుంచి మరో రకానికి మారిన ప్రతిసారీ కార్డు మీద 2 బైట్లు ఖర్చవుతాయి.

ఒక బైటుకు 8 బిట్లు. బిట్టు అంటే 0 గాని, 1 గాని. కాబట్టి 2 బైట్లలో 16 గళ్లు ఉంటాయి. అందులో మొదటి 3 గళ్లు చిన్న చిన్న వివరాలు చెబుతాయి. కార్డు ఏ గూటిలో ఉంది, డ్రైవరు ఒంటరిగా ఉన్నాడా, కార్డు లోపల ఉందా లేదా అన్నవి ఆ వివరాలు. తరువాతి 2 గళ్లు పని ఏమిటో చెబుతాయి. రెండు గళ్లలో 00, 01, 10, 11 అని నాలుగు రకాలుగా రాయవచ్చు కదా, నాలుగు పనులకు సరిగ్గా సరిపోయింది. మిగిలిన 11 గళ్లు వేళను చెబుతాయి. రోజుకు 1,440 నిమిషాలు. 10 గళ్లలో 1,024 దాకానే లెక్కపెట్టగలం, చాలదు. 11 గళ్లలో 2,048 దాకా లెక్కపెట్టవచ్చు. అందుకే 11.

ఒక ఉదాహరణ చూద్దాం. 1889 నుంచి చార్మినార్ నాలుగు ముఖాల మీదా గడియారాలున్నాయి. ఆ గడియారంలో ఉదయం 8.30 అయినప్పుడు ఒక డ్రైవరు బండి కదిలించాడనుకోండి. టాకోగ్రాఫ్ ఎక్కడున్నా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్నే వాడుతుంది. అది మన కాలానికి అయిదున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి దాని దృష్టిలో అప్పుడు వేళ 3.00 గంటలు, అంటే అర్ధరాత్రి దాటి 180 నిమిషాలు. 180ని ద్విసంఖ్యామానంలో, 11 గళ్లలో రాస్తే 00010110100 అవుతుంది. నడపడానికి గుర్తు 11. మొదటి మూడు గళ్లూ సున్నాలే అనుకుందాం. అప్పుడు కార్డు రాసుకునేది ఇది: 000 11 00010110100. ఒక మనిషి 8.30కు బండి నడపడం మొదలుపెట్టాడన్న కబురు ఈ 16 గుర్తుల్లో ఇమిడిపోయింది!

మొదలూ చివరా లేని గాజు

ఇలా రాసుకుంటూ పోతే ఏదో ఒకరోజు చోటు నిండిపోవాలి కదా? నిండుతుంది. అప్పుడేం చేస్తుంది?

పత్తర్‌గట్టి దాటి, చార్మినార్ పక్కనున్న లాడ్‌బజారుకు వెళితే రాళ్లు పొదిగిన గాజులు కనిపిస్తాయి. అలాంటి గాజు మీద 28 రాళ్లున్నాయనుకోండి. రోజుకొక రాయి చొప్పున రంగు వేసుకుంటూ పోతే 28వ రోజుకు చుట్టు పూర్తవుతుంది. 29వ రోజున మళ్లీ మొదటి రాయి దగ్గరకే వస్తాం. దాని మీది పాత రంగు మీదనే కొత్త రంగు వెయ్యాలి. గాజుకు మొదలూ చివరా లేవు కాబట్టి రాత ఎప్పుడూ ఆగదు. కాని అన్నిటికన్నా పాత రోజు మాత్రం చెరిగిపోతూ ఉంటుంది. కార్డులోని జ్ఞాపకమూ ఇంతే. దుకాణంలోని కెమెరా యంత్రమూ ఇలాగే పనిచేస్తుంది.

28 రోజులా, 149 రోజులా?

డ్రైవరు కార్డు 28 రోజుల సంగతులు గుర్తుంచుకుంటుందని సాధారణంగా చెబుతారు. అసలు మాట ఏమిటంటే, కనీసం 28 రోజులు. ఈ అంకె ఎలా వచ్చిందో లెక్క వేద్దాం.

ప్రతిరోజుకూ తేదీ, ఆ రోజు నడిచిన దూరం వంటివి రాయడానికి 12 బైట్లు పోతాయి. రోజుకు 93 సార్లు పని మారుతుందనుకుంటే వాటికి 186 బైట్లు. రెండూ కలిపి 198. దాన్ని 28తో గుణిస్తే 5,544 బైట్లు. కార్డులో దినచర్యకు కనీసం ఇంత చోటు ఉండాలని నిబంధన పెట్టారు. గరిష్ఠంగా రోజుకు 240 మార్పులకు సరిపోయేలా లెక్కకట్టారు. అప్పుడు రోజుకు 492 బైట్లు, 28 రోజులకు 13,776 బైట్లు. ఫోనుతో తీసే ఒక్క ఫొటో కన్నా ఇది ఎంతో చిన్నది!

ఇక అసలు తమాషా చూడండి. 13,776 బైట్ల కార్డు ఉన్న డ్రైవరు పని రోజుకు 40 సార్లే మారిందనుకుందాం. రోజుకు 12, 80 కలిపి 92 బైట్లు. ఆ కార్డు పూర్తిగా 149 రోజులు గుర్తుంచుకోగలదు. అంటే దాదాపు అయిదు నెలలు! చోటు అంతే, రోజులు మాత్రం పెరిగాయి.

మార్పులు ఎవరికి ఎక్కువ? బండి ఆగగానే టాకోగ్రాఫ్ దాన్ని 'ఇతర పని' కిందికి మార్చుకుంటుంది. కదిలితే మళ్లీ 'నడపడం'. పొడుగాటి రహదారి మీద సాఫీగా పోయే బండికి మార్పులు తక్కువ. పత్తర్‌గట్టి లాంటి రద్దీ వీధుల్లో ఆగుతూ కదులుతూ సాగే బండికి మార్పులు ఎక్కువ. కాబట్టి ఊళ్లో తిరిగే డ్రైవరు కార్డు తొందరగా మరిచిపోతుంది, దూరప్రయాణాల డ్రైవరు కార్డు ఎక్కువకాలం గుర్తుంచుకుంటుంది. ఇద్దరి కార్డులూ ఒకటే అయినా సరే.

చెరిగిపోక ముందే

పాతది చెరిగిపోతే నియమం తప్పిన సంగతి కూడా చెరిగిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. అందుకే కార్డులోని సంగతులను 28 రోజులు దాటకముందే కంపెనీ తన కంప్యూటరులోకి ఎత్తి రాసుకోవాలి. లారీలోని పెట్టె సుమారు 365 రోజుల సంగతులు గుర్తుంచుకుంటుంది. దాన్ని 90 రోజులకు ఒకసారయినా ఎత్తి రాసుకోవాలి. ఇలా రాసుకున్న వాటిని కంపెనీ కనీసం ఒక ఏడాది దాచి ఉంచాలి.

రోడ్డు మీద తనిఖీ చేసే అధికారి ఇదివరకు ఆ రోజువీ, అంతకుముందు 28 రోజులవీ అడిగేవాడు. 2024 డిసెంబరు 31 నుంచి దాన్ని 56 రోజులకు పెంచారు. కొత్త తరం కార్డులను 56 రోజులకు సరిపడేలా రూపొందించారు.

ఈ రాత డ్రైవరును పట్టుకోవడానికేనా? అలా అనుకోకండి. 'ఇంకో నాలుగు గంటలు తోలు, తెల్లారేసరికి సరుకు చేరాలి' అని యజమాని ఒత్తిడి చేసినప్పుడు, 'కార్డు ఒప్పుకోదు' అని డ్రైవరు చెప్పగలడు. ప్రమాదం జరిగి, 'నిద్రపోయి గుద్దాడు' అని నింద పడినప్పుడు, తాను వేళకు విశ్రాంతి తీసుకున్నట్లు చూపించగలడు. నోటిమాటకు విలువ లేనిచోట ఆ 16 గుర్తులే అతనికి సాక్ష్యం. ఆ సాక్ష్యం చెరిగిపోక ముందే ఎత్తి రాసుకున్నారా లేదా అన్నది అతనికి చాలా ముఖ్యం.

మన దగ్గర

మన దేశంలో లారీ డ్రైవర్లకు ఇలాంటి కార్డు తప్పనిసరి కాదు. పనిగంటల హద్దు మాత్రం కొత్త సంగతి కాదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే పెట్టింది. అయితే హద్దు ఉండడం వేరు, దాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టే ఏర్పాటు ఉండడం వేరు. బస్సులు, టాక్సీల వంటి వాటిలో ఉండే జాడ తెలిపే పరికరాలు బండి ఎక్కడుందో చెబుతాయి. వాటి ప్రమాణం ప్రకారం కనీసం 40,000 స్థానాల వివరాలు దాచుకోగలగాలి. కాని బండి ఎక్కడుందో తెలిసినంత మాత్రాన, దాన్ని నడిపేవాడు ఎంతసేపు నిద్రపోయాడో తెలియదు.

ఈనాటి చిప్పుల్లో ఏళ్ల తరబడి దినచర్య దాచవచ్చు. చోటుకు కొదవ లేదు. కాని ఒక మనిషి జీవితంలోని ప్రతి నిమిషమూ ఎప్పటికీ ఎవరో ఒకరి దగ్గర ఉండడం న్యాయమా? అలాగని అవసరమైన సాక్ష్యం మరునాడే మాయమైతే ఎలా? 28 రోజులు, 30 రోజులు, 56 రోజులు అన్న హద్దులు ఈ రెండు ప్రశ్నల మధ్య మనుషులు కూర్చుని ఆలోచించి పెట్టుకున్నవి.

మీరే లెక్క కట్టండి

ఒక డ్రైవరు పని రోజుకు 60 సార్లు మారుతుంది. అతని కార్డులో దినచర్యకు 13,776 బైట్ల చోటు ఉంది. ఆ కార్డు పూర్తిగా ఎన్ని రోజుల సంగతులు గుర్తుంచుకుంటుంది? 104 అని వస్తే మీ లెక్క సరైనదే. ఆ పైన, మీరు నిన్న ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎన్నిసార్లు పని మార్చారో రాసి చూడండి. మీ దినచర్యకు ఎన్ని బైట్లు కావాలో తేలిపోతుంది.