టేపు అరిగిన చోటు

ప్రొద్దుటూరులో మా వీడియో అంగడికి చెక్క బీరువాలు లేవు. గోడలోకి నాపరాళ్లు దూర్చి అరలు కట్టించినారు. ఎండాకాలం రాయి కాలిపోయేది, పై అరల క్యాసెట్లన్నీ మధ్యాహ్నానికి కిందికి దించేవాణ్ణి. డిగ్రీ మధ్యలో మానేసి 1980ల చివర్లో నేను మొదలుపెట్టిన పని అది.

వచ్చినోళ్లు సినిమా పేరు అడిగేది తక్కువ. "అబ్బయా, సిల్క్ ఉండేది ఏదైనా ఇయ్యి" అనేవాళ్లు. జాతరలప్పుడు పల్లెల నుంచి డెక్కు, టీవీ బాడుగకు తీసుకుపోయేవాళ్లదీ అదే మాట. రాత్రికి మూడు సినిమాలు, అందులో ఒకటి నటి సిల్క్ స్మితది.

హాల్లో సినిమా ఆడితే ఊరంతా ఆ వారం ఆ బొమ్మ గురించే మాట్లాడుకుంటుంది. వీడియో అంగట్లో అట్లా కాదు. వందల డబ్బాలు వరసగా ఉంటాయి, మనిషి చెయ్యి పోయేది అట్టమీది ముఖం వైపే. అమెరికాలో పెద్దల సినిమాల వ్యాపారులు దీన్ని బాగా పట్టుకున్నారు. 1972లో 'డీప్ థ్రోట్' వచ్చినప్పుడు మోగింది సినిమా పేరు. అందులో నటించిన లిండా లవ్‌లేస్‌కు లెక్కగట్టిన కూలి 1,250 డాలర్లు. అదీ భర్తే తీసుకున్నాడని, కొట్టి బెదిరించి ఆ పని చేయించాడని 1980లో ఆమె తన పుస్తకంలో చెప్పుకుంది. వీడియో కాలంలో, 1984లో పుట్టిన వివిడ్ అనే కంపెనీ జింజర్ లిన్‌ను ఒప్పందం మీద పెట్టుకొని ఆమె ముఖంతోనే క్యాసెట్లు అమ్మింది. పాత హాలీవుడ్ స్టూడియోలు తారలను కట్టిపెట్టుకున్న పద్ధతే ఇది.

సిల్క్ స్మిత చేసినవి అలాంటి సినిమాలు కావు. సెన్సారు దాటి, పెద్ద హీరోల పక్కన చేసినవే ఎక్కువ. ఆమె పేరును మాత్రం మావంటి అంగళ్లు ఆ సరుకులాగే అమ్మినాయి. ఒప్పందం లేదు, పాటకు ఇన్ని రోజుల కాల్షీటు, అంతే. అమ్ముడుపోక మూలపడిన సినిమాకు ఆమె పాట ఒకటి కలిపితే బయ్యర్లు వచ్చేవాళ్లు. మేము క్యాసెట్ బాడుగకిచ్చిన ప్రతిసారీ డబ్బు మా గల్లాపెట్టెలో పడింది. ఆమెకు అందులో పైసా పోలేదు. కొన్ని హాళ్లలో ఇంకా ఘోరం, నడుమ 'బిట్లు', అంటే వేరే బూతు సీన్ల ముక్కలు, అతికించేవాళ్లు. బిట్టులో ఉండేది ఎవరో, గోడమీద పోస్టరు ఎవరిదో. ఆ ఇద్దరినీ మోసం చేసినట్టేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఒకరోజు క్యారియర్ తెచ్చిన మా అమ్మ సిల్క్ బొమ్మ ఉన్న ఒక డబ్బా చేతికి తీసుకొని చాలాసేపు చూసింది. "ఈ పిల్ల మన తెలుగు పిల్లేనంట గదా నాయనా. వాళ్లమ్మ ఏడుందో" అన్నది. నాకు జవాబు తెలియలేదు. తర్వాత చదివి తెలుసుకున్నా. ఏలూరు దగ్గర కొవ్వలి, 1960లో పుట్టింది, పేరు విజయలక్ష్మి. నాలుగో తరగతితో బడి ఆగింది. చిన్నప్పుడే పెళ్లి చేస్తే ఆ ఇంట్లో ఉండలేక మద్రాసు చేరి, నటీమణులకు టచప్ చేసి బతికింది. 1980లో 'వండిచ్చక్కరం' అనే తమిళ సినిమాలో ఆమె పాత్ర పేరు సిల్క్. ఆ పేరే జన్మంతా అంటుకుంది.

క్యాసెట్లు తిరిగొచ్చినాక వెనక్కి తిప్పి పరీక్ష చేయడం నా పని. పదేపదే వెనక్కి తిప్పి, బొమ్మను ఆపి చూస్తే డెక్కు హెడ్ ఒకేచోట రాసుకొని టేపు మీది పూత లేచిపోతుంది. తెరమీద తెల్లగీతలు పడతాయి. ఆమె పాటలన్నిటికీ ఆ గీతలే. జనం ఎక్కడ ఆపినారో టేపే చెప్పేది.

1996 సెప్టెంబరు 23న ఆమె చనిపోయింది. ముప్పై అయిదేళ్లే. అప్పటికి కేబుల్ వచ్చి మా బేరం పడిపోయింది. ఆ రాత్రి అరలోంచి భారతీరాజా 'సీతాకోకచిలుక' తీసి పెట్టుకున్నా. 1981 సినిమా. అందులో ఆమె శరత్‌బాబు భార్య, కథానాయికకు వదిన. నిండా బట్ట కట్టుకొని, కళ్లతోనే మాట్లాడుతుంది. ఎన్నేళ్లుగానో మా అంగట్లో తిరిగిన క్యాసెట్. ఆమె కనిపించిన సీన్లలో ఒక్క గీత లేదు.