ఆవిరి పాట – అద్దాల పెట్టె

పూర్వపు ఆవిరి రైలింజను కూత విన్నవారు మనలో ఇంకను కలరు. అట్టి కూతలనే స్వరమునకొక్కటి చొప్పున వరుసగా నిలిపినచో అది వాద్యము కాగలదా? కాగలదని చూపినవాడు అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రమందలి వూస్టర్ నగరవాసి జాషువా స్టాడర్డ్. 1855 అక్టోబరు 9వ తేదీన ఆ వాద్యమునకు ఆతడు పేటెంటు పొందెను. దాని పేరు కాలియోపీ. గ్రీకు పురాణములలో వీరకావ్యమునకు అధిదేవత పేరది. ‘మధురకంఠి’ యని దాని అర్థము. వాద్యమునకు మాత్రము మాధుర్యముకంటె బిగ్గరతనమే ఎక్కువ. దాని ధ్వని మైళ్ల దూరము వినిపించును.

కవాటము తెరచుకొనగానే బాయిలరులోని ఆవిరి సన్నని చీలికగుండ వెడలి, పైనున్న గొట్టపు అంచును తాకును. ఆ తాకిడికి గొట్టము మ్రోగును. గొట్టము పొడవైనకొలది స్వరము మంద్రమగును. వేడిమి మాఱినచో శ్రుతియు మాఱును. మీటను మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను బిగ్గరతనమొక్కటే. ఇట్టి వాద్యము ఇంటికి తగదు. అందువలన అది మిసిసిపీ, ఒహాయో నదులమీది పడవలకును, సర్కసు ఊరేగింపులకును చేరినది. పడవ రేవునకు వచ్చుచున్నదను వార్తను ఊరికంతటికి అదియే చాటెడిది. 1975లో జలప్రవేశము చేసిన న్యూ ఆర్లియన్స్ ఆవిరిపడవ నాచెజ్ పైనను 32 స్వరముల కాలియోపీని అమర్చిరి.

ఆ వాద్యపు రూపమును అనుకరించి కొందఱు శిల్పులు రంగుటద్దములతో సంగీతపు పెట్టెలు చేయుదురు. అద్దపు ముక్కల అంచులకు పలుచని రాగిరేకు చుట్టి, వానిని టంకముతో అతికెదరు. గాజు కరగునపుడు కోబాల్టు చేర్చిన నీలివర్ణము వచ్చును. పెట్టెపై ఇత్తడి గొట్టములు బారులు తీరియుండును. కాని అవి మూగవి. పాట లోపల నున్నది.

1796లో జెనీవా గడియారపు పనివాడు ఆంత్వాన్ ఫావ్ర్ కనుగొన్న ఉపాయమే ఆ పాటకు మూలము. స్ప్రింగు బలముతో తిరుగు స్తూపముమీది సన్నని ముండ్లు ఉక్కుదువ్వెన పండ్లను మీటును. పన్నుకొక స్వరము. పండ్ల నాదము అల్పము. చెక్క అడుగుభాగము దానిని పెంచును. అతుకులు వదులైనచో అద్దము గిలగిలలాడి పాటను చెఱచును. కావున యంత్రమును చెక్కకు బిగించుటలోనే పనివాని నేర్పు తెలియును.

రూపము ఆవిరివాద్యముది, గొంతు ఉక్కుదువ్వెనది. మఱి ఇది వట్టి వేషమేనా? కాదనుటకు ఒక ఆధారము కలదు. స్టాడర్డు తొలి కాలియోపీని వాయించినవి మనుష్యుని వ్రేళ్లు కావు. సంగీతపు పెట్టెలోని వలె ముండ్లు తాపిన స్తూపమే దాని కవాటములను తెరచెడిది. మీటల వరుస తరువాత వచ్చినది. మీటలు వచ్చిన పిదపనే వాదకుడు తనకు నచ్చిన పాట వాయింపగలిగెను.

కావున ఈ చిన్నపెట్టె ఆ వాద్యమును దాని పుట్టింటికే చేర్చినది. చేర్చుటలో కొంత పోగొట్టినది కూడ. స్తూపము ఎన్నిమారులు తిరిగినను పాట ఒక్కటే. వాదకుని ఇష్టమునకు అందు తావులేదు. రికార్డులపై పాటలు వినిపించు మాబోటివారికి ఈ సంగతి బాగుగ తెలియును. పాటను భద్రపఱచుట గొప్పపనియే. అయినను దానిని నేర్చి పాడువాడొకడు మిగిలియున్నపుడే ఆ భద్రతకు సార్థకత.