చేతికి దగిన బేస్ గిటారు

పాట వినునపుడు మన చెవి మొదట గాయని కంఠమును, పిదప తాళమును గుర్తించును. ఆ రెంటిని అడుగున నుండి పెనవేయు గంభీరనాద మొకటి కలదు. పాశ్చాత్యసంగీతమునను, నేటి మన చలనచిత్రగీతములందును ఆ పనిని తఱచుగా ఎలెక్ట్రిక్ బేస్ గిటారు నిర్వహించుచున్నది. అది యాగినగాని దాని యునికి తెలియదు. ఇంటిలో ఇల్లాలి పనియు నట్టిదే కదా!

పూర్వ మీ స్థానమున డబుల్ బేస్ అను వాద్య ముండెడిది. అది మనిషి యెత్తుండు పెద్ద వాద్యము. కొనిపోవుటయు కష్టము, పెద్దమేళములో వినబడుటయు కష్టము. 1930ల నడుమ సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నతడు విద్యుచ్ఛక్తితో పలుకు చిన్న బేస్‌ను నిర్మించెను. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ విక్రయమునకు తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో అది లోకమున వ్యాపించెను.

దీని తత్త్వము సులభము. నాలుగు తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు వేలకొలది చుట్లుగా సన్నని రాగితీగయు నుండును. ఉక్కుతంత్రి కంపించినపుడు రాగితీగలో సూక్ష్మమైన విద్యుత్ప్రవాహము పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. అన్నిటికంటె లావైన తంత్రి సెకనుకు సుమారు 41 మాఱులు కంపించును.

అంగడిలో దొరకు వాద్యమున తంత్రి పలుకు భాగము సామాన్యముగా 34 అంగుళములు. బరువు 8 మొదలు 10 పౌనులు. చిన్నచేతికి మొదటి మెట్లకడ వ్రేళ్లు చాలవు. గంటసేపు తాల్చిన భుజము నొచ్చును. అంతట “ఇది స్త్రీలకు తగినది కా”దని చూచువారు తేల్చివేయుదురు. లోపము చేతిది కాదు, కొలతది. నేర్పరియైన పనివాడు తంత్రిని 30 అంగుళములకు తగ్గింపగలడు. మెడను సన్నగా చెక్కగలడు. కొయ్యలోపల తొఱ్ఱలు విడిచి బరువు తగ్గింపగలడు. తంత్రి కుఱుచయైన కొంత సడలును గనుక దాని లావును తగినట్లు మార్చును. మెడ వంగకుండ లోపల ఉక్కుకడ్డీ నమర్చును. బొబ్బిలి పనివారు పనసకొయ్యను వీణగా మలచునట్లే, ఇతడును కొయ్య నెఱిగి పనిచేయవలెను.

అయినను, చేయించుకొనువారు తమకు వలసిన దేమో ముందుగా నెఱుగవలెను. 1975లో ఆంథొనీ జాక్సన్ అను ప్రసిద్ధ వాదకుడు కార్ల్ థాంప్సన్ చేత ఆఱుతంత్రుల బేస్‌ను చేయించుకొనెను. తీరా వాయింపగా తంత్రుల నడుమ ఎడము ఇఱుకైనట్లు తోచెను. ఆ పిమ్మట వేఱు పనివారిచే మరల మరల చేయించుకొనవలసి వచ్చెను. అంతటి విద్వాంసునికే యిట్లయిన, క్రొత్తవారి మాట చెప్పనేల?

1935లో జన్మించిన కేరొల్ కే అను అమెరికా వనిత గిటారు వాయించి జీవించుచుండెను. 1963లో హాలీవుడ్‌నందొక రికార్డింగునకు బేస్ వాదకుడు రాకపోగా, ఆమె యా వాద్యమును చేపట్టెను. పిమ్మట వేలకొలది రికార్డింగులలో వాయించి, 1969లో బోధనగ్రంథమును ప్రకటించెను. ఆమె వాయించినది అంగడివాద్యమే. మన దేశమున ముంబయివాసిని మోహినీ డే బాల్యముననే తండ్రికడ నేర్చి, ఎ.ఆర్. రెహమాన్ బృందమున వాయించి కీర్తి గడించెను.

కావున సోదరీమణులారా, ఈ విద్యయం దాసక్తి గలవారు మొదట ఎరువు తెచ్చిన వాద్యముపై కొన్నినెలలు సాధన చేయుడు. చెవికి తగిలించుకొను హెడ్‌ఫోనులతో అభ్యసించిన, నిదురించు పసిబిడ్డకు సైతము భంగము కలుగదు. చేయి ఎచట చాలలేదో, భుజ మెపుడు నొచ్చెనో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. చేతిపని వాద్యము ఖరీదు హెచ్చు, నెలలకొలది వేచియుండవలెను, ఒక చేతికి కుదిరినది వేఱొకరికి కుదురదు గనుక తిరిగి అమ్ముటయు కష్టము. ఆ పుస్తకమును పనివాని ముందుంచిన నాడు, మీరు కొలతలు చెప్పుదురు, అతడు వినును. వాద్యమునకు మన చేతిని కుదుర్చుకొనుట చాలకాలము జరిగినది; చేతికి వాద్యమును కుదుర్చుకొనుటయు న్యాయమే.