పికప్పుబండికి పెద్ద టైర్లు



అమెరికా దేశమున పికప్పుబండి కానరాని ఊరు లేదు. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక కప్పులేని తొట్టి, ఇదియే దాని స్వరూపము. ఫోర్డువారి ఎఫ్ శ్రేణి బండ్లు 1948వ సంవత్సరపు మోడలుగా తొలుత వెలువడినవి. ఆనాడు అవి ప్రధానముగా రైతుకును, వడ్రంగికిని బరువులు మోసిపెట్టు పనిముట్లు. నేడో, కచేరీకి పోవువారును, పిల్లలను బడికి దింపువారును వానిని కొనుచున్నారు. టెక్సాసు మొదలగు రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగువారి ముంగిళ్లలోను అవి కానవచ్చుచున్నవి.

బండి కొన్నవారిలో పలువురికి రెండు కోరికలు కలుగును. పెద్ద టైర్లు వేయింపవలెనని యొకటి, వంగినట్లున్న ముందుభాగమును వెనుకభాగముతో సమముగా ఎత్తింపవలెనని రెండవది. ఈ రెండవ పనికి వాడు సామగ్రికి లెవెలింగు కిట్టు అని పేరు. ఈ మార్పులవలన వచ్చునదేమి, పోవునదేమి, ఎన్నుకొనువాడు ఏ క్రమమున ఆలోచింపవలెను అను విషయములను నేడు విచారింతము.

మొదట, క్రొత్తబండి ముందునకు వంగి యుండుట ఏల? అది చేసినవాని పొరపాటు కాదు. ఎడ్లబండి తోలినవాడు ఈ మర్మము నెరుగును. బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచి ఎడ్ల మెడలను వదలును; మరీ ముందునకు పడినచో మెడలు నలుగును. కావున బస్తాలు సర్దునపుడే ముందుబరువు, వెనుకబరువు చూచుకొనును. పికప్పుబండియందును ఇదియే న్యాయము. దాని తొట్టి క్రింద, మన లారీవారు కమానుకట్టలని పిలుచు ఉక్కుపట్టీలు ఇరుసుపై నుండును. తొట్టిలో బరువు వేసినపుడును, వెనుక ట్రెయిలరు తగిలించినపుడును అవి అణగి వెనుకభాగము దిగును. దిగిన పిమ్మట బండి సమముగా నుండవలెనని, వట్టిబండిలో వెనుకభాగమును ఒకటి రెండంగుళములు ఎత్తుగా నిలిపినారు.

ఇట్టి బండికి ముందుభాగమును ఎత్తించితిమేని, వట్టిబండి చూచుటకు సమముగనే యుండును. బరువు వేసిననాడు మాత్రము తోక దిగి, ముక్కు మింటిని చూచును. అపుడు ముందుచక్రములపై భారము తగ్గును. దిశను త్రిప్పునవి ఆ చక్రములే. ఆపుటలో హెచ్చుపాలు వానిదే. కావున తరచుగా ట్రెయిలరు లాగువారు ఈ కిట్టు జోలికి పోకుండుటయే మేలు.

ఇక కిట్టు ఎట్లు పనిచేయునో చూతము. నేటి పికప్పులలో పెక్కింటికి ముందుచక్రములు రెండును వేరువేరుగా కదలునట్లు కట్టబడినవి. ప్రతి చక్రముకడను చుట్టస్ప్రింగును, దాని నడుమ షాకబ్సార్బరును కలిసిన స్ట్రట్టు అను కంబమొకటి యుండును. కిట్టులోని ప్రధానవస్తువు లోహముతోనో గట్టి ప్లాస్టిక్కుతోనో చేసిన దిమ్మ. దీనిని స్ట్రట్టు తలకును చట్రమునకును నడుమ బిగింతురు. స్ట్రట్టు క్రిందికొన చక్రముకడ గాక, చక్రమును మోయు చేతికి నడుమభాగమున తగిలియుండును. అందువలన ఒక్క అంగుళపు దిమ్మ పెట్టినచో చాల బండ్లలో ముందుభాగము దాదాపు రెండంగుళములు లేచును.

ఈ పని చౌక, త్వరగా ముగియునది. అయినను దీనివలన చక్రమును మోయు చేతులు మునుపటికంటె క్రిందికి వ్రేలాడును. నాలుగు చక్రములకును శక్తి నందించు బండిలో, ఇంజనునుండి ముందుచక్రములకు పోవు కడ్డీల కీళ్లు హెచ్చు కోణమున వంగి తిరుగవలసివచ్చును. ఆ కీళ్లను కప్పు రబ్బరుతొడుగులు త్వరగా చినుగవచ్చును. చినిగినచో దుమ్ము చేరి కీలు చెడును. రెండంగుళములవరకు సాధారణముగా సాగిపోవును. అంతకు మించగోరువాడు దిమ్మతో సరిపెట్టుకొనక, పై చేతులను మార్చుటయో, స్ట్రట్టునే మార్చుటయో ఆలోచింపవలెను. ఏది చేయించినను చక్రముల అలైన్‌మెంటు తిరిగి చేయింపక తప్పదు. చేయింపనిచో క్రొత్తటైర్ల అంచులు కొలదికాలములోనే అరిగిపోవును.

టైర్ల సంగతికి వత్తము. టైరు ప్రక్కన 275/65 ఆర్ 18 అని యుండునుగదా. 275 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. ఆర్ అనునది లోపలి దారముల అల్లికవిధమును తెలుపును. 18 అనగా రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. లెక్కవేసినచో ఈ టైరు మొత్తము ఎత్తు సుమారు 815 మిల్లీమీటర్లు, అనగా 32 అంగుళములు. అదే వెడల్పులో 275/70 ఆర్ 18 ఎన్నుకొన్నచో 842 మిల్లీమీటర్లు, అనగా 33 అంగుళములు దాటును. బజారులో 35 అంగుళముల టైర్లును దొరకును.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. టైరు ఎత్తు మూడంగుళములు పెరిగినచో బండి లేచునది అందు సగమే, ఒకటిన్నర అంగుళము. ఏలయన ఇరుసు టైరు నడుమ నుండును. మరియొక భ్రమ, కిట్టు వేసినచో రాళ్లదారిలో బండి అడుగు అంతటను తగులకుండునని. కిట్టు ముందుభాగమును మాత్రమే లేపును. గట్టుపైకి ఎక్కునపుడు ముక్కు తగులకుండుటకు అది కొంత ఉపకరించును. కాని వెనుక ఇరుసు నడుమ వ్రేలాడు పండ్లచక్రముల గుండ్రనిపెట్టె మునుపటి ఎత్తుననే యుండును. దానిని ఎత్తగలది పెద్దటైరొక్కటే.

పెద్దటైరు ఒక్కచుట్టునకు హెచ్చుదూరము పోవును. స్పీడోమీటరు చుట్లను లెక్కించునే కాని దూరమును చూడదు. 32 అంగుళముల టైర్ల బండికి 33 అంగుళములవి వేసినచో, ముల్లు 60 మైళ్లు చూపునపుడు నిజవేగము 62 మైళ్లు. 35 అంగుళములవి వేసినచో 65 దాటును. అందువలన జరిమానా ముప్పు. అంతకంటె, ఆపుదూరమును తప్పుగా అంచనావేయు ముప్పు. నిజముగా 100 మైళ్లు తిరిగినపుడు మీటరు 92 మైళ్లకంటె తక్కువే చూపును గనుక, మైళ్లనుబట్టి నూనె మార్చువారు ఆలస్యముగా మార్తురు. నేటి బండ్లలో చాలవానికి టైరుకొలతను యంత్రములో తిరిగి నమోదు చేయించుటకు వీలుకలదు, అది చేయించుకొనవలెను.

ఇంజను పట్టుకూడ తగ్గును. ఇరుసులోని పండ్లచక్రముల నిష్పత్తి 3.55 గల బండికి 35 అంగుళముల టైర్లు వేసినచో, అది 3.25 గల బండివలె లాగును. ఎత్తు ఎక్కునపుడును, బరువు లాగునపుడును ఈ తేడా తెలియును. పైగా పెద్దటైరు బరువైనది. ఆ బరువు చట్రముపై గాక తిరుగు చక్రముననే యుండుటచే కదల్చుటయు కష్టము, ఆపుటయు కష్టము; ఇంధనపు ఖర్చును పెరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది టైరు మోయగల బరువు, అందుండవలసిన గాలి. టైరుకొలత ప్రక్కన 116 వంటి అంకె యొకటి యుండును. 116 అనగా ఒక్కొక్క టైరు 1250 కిలోగ్రాములు మోయగలదని, 121 అనగా 1450 కిలోగ్రాములని అర్థము. ఆ టైరుకు నిర్ణయించిన గాలి యున్నపుడే ఈ మాట చెల్లును. తొలిటైరుకంటె తక్కువ అంకె గల టైరును ఎన్నడును వేయరాదు. లారీతరగతి గట్టిటైర్లకు అదే బరువు మోయుటకు తరచుగా హెచ్చు గాలి కావలసియుండును. డ్రైవరు తలుపుకడ అంటించిన చీటీ తొలిటైర్లకు సంబంధించినది; క్రొత్తవానికి ఎంత గాలి పట్టవలెనో టైరుచేసినవారి పట్టికనుబట్టి తెలిసికొనవలెను.

ఈ విషయమున ఉపేక్ష ఎంత ప్రమాదమో అమెరికా దేశము 2000వ సంవత్సరమున కన్నులార చూచినది. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోనువారు సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించిరి. వానిలో హెచ్చుభాగము ఫోర్డు ఎక్స్‌ప్లోరరు బండ్లకు వేసినవి. పరుగెత్తు బండిలో టైరు పైపొర ఊడివచ్చుటయు, బండ్లు బోర్లపడుటయు, పెక్కుమంది చనిపోవుటయు సంభవించినవి. ఆనాటి విచారణలో తయారీలోపములతోపాటు తక్కువగాలి, వేడి, బరువు అను మూడును చర్చకు వచ్చినవి. ఆ యేటనే ఆ దేశమున క్రొత్త టైర్లచట్టము పుట్టినది. గాలి తగ్గినపుడు దీపముతో హెచ్చరించు సాధనము తరువాత నిర్బంధమగుటకు అదియే మూలము. కాని ఆ దీపము తలుపుచీటీలోని అంకెనుబట్టి వెలుగునట్లు అమర్చబడినది. హెచ్చుగాలి కోరు క్రొత్తటైరునకు అది చాల ఆలస్యముగా వెలుగును. కావున గాలికొలత చేతిలో నుంచుకొని, టైర్లు చల్లగా నున్నపుడు చూచుకొనుట మానరాదు.

మన క్షేమము చూచుకొన్న పిమ్మట ఎదుటివాని క్షేమమును తలపవలెను. ఇరుసుల నడుమ 145 అంగుళముల దూరము గల బండికి ముక్కు రెండంగుళములు ఎత్తినచో, దీపపు వెలుతురు 100 అడుగుల దూరమున మునుపటికంటె 16 అంగుళములకు మించి పైకి పోవును. అది రోడ్డుపై పడుటకు మారుగా ఎదురువచ్చు చిన్నకారువాని కన్నులలో పడును. కన్ను చెదరినవాడు మనబండికే వచ్చి తగులవచ్చును. దీపములను దింపి సరిచేయుట కొలది నిముషముల పని. కాని మరచువారే పెక్కుమంది. ముందు అడ్డమును కనిపెట్టు కెమెరాలు, రాడారులు గల బండ్లలో వానినికూడ తిరిగి సరిచూపింపవలసియుండును.

ప్రభుత్వములును ఊరకుండలేదు. ఉత్తర కరోలినా రాష్ట్రమున 2021 డిసెంబరు 1వ తేదీనుండి, ముందు మడ్‌గార్డు వెనుకదానికంటె నాలుగంగుళములో అంతకుమించియో ఎత్తుగా నుండునట్లు బండిని మార్చి రోడ్డుపై తోలరాదు. మన దేశమున నియమము మరింత కఠినము. మన ఆంధ్రప్రదేశములోని శ్రీసిటీయందు 2016లో ప్రారంభమైన కర్మాగారమున ఇసుజువారు పికప్పుబండ్లు చేయుచున్నారు గనుక, ఈ కోరిక మనవారికిని దూరము కాదు. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, బండి తయారైనపుడు నిర్దేశించిన వివరములకు భిన్నముగా మార్పు చేయరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టును ఈ నియమమునే గట్టిగా చెప్పినది. కావున ఇచ్చటివారు రవాణాశాఖవారిని అడిగి తెలిసికొనక చేయి పెట్టరాదు.

ఇక ఎన్నుకొను క్రమము. బండితో మనము నిజముగా చేయుపని ఏమియో మొదట వ్రాసికొనవలెను. బరువులు లాగుటయే పనియైనచో తొలికొలత టైర్లలోనే గట్టివానిని కొని, కిట్టును మానుకొనవలెను. బురదలోను, ఇసుకలోను తిరుగవలసినచో ఎత్తుకంటె ముందు టైరు పట్టును చూడవలెను. అందమే కోరికయైనచో ఒక్కమెట్టు పెద్దటైరు చాలును. కొనుటకు ముందు స్టీరింగును రెండుకొనలకును త్రిప్పి, మడ్‌గార్డునకును టైరుకును నడుమ ఎంత సందున్నదో కొలువవలెను. సందు చాలకున్నపుడే కిట్టు మాట. నాలుగుచక్రముల శక్తి గల బండికి నాలుగు టైర్లును ఒకే కొలతవి కావలెను. అదనపుటైరు సంగతియు మరువరాదు. బిగించిన పిమ్మట ఏబది మైళ్లు తిరిగి, చక్రపునట్లను మరల బిగింపవలెను.

బండిని చేసినవాడు ప్రతి అంగుళమును ఏదో కారణముచేతనే నిర్ణయించినాడు. మార్చుటకు మనకు స్వేచ్ఛ కలదు. కాని ఆ కారణమును తెలిసికొని మార్చినవాడు ఇంటికి సుఖముగా చేరును, దారిలో ఎదురైనవారినిగూడ చేరనిచ్చును.