ఎలుకలు రాలిన కాలము

నందవరము పొరుగుననున్న ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. మదరాసు నుండి బొంబాయికి పోవు రైలుమార్గము ఆదోని మీదుగనే సాగును. 1896లో బొంబాయిలో బయలుపడిన ప్లేగు, ధాన్యపు బస్తాలతోను, ప్రయాణికుల మూటలతోను ఇట్టి రైలుమార్గముల వెంటనే దక్షిణమునకు దిగెను. 1898లో హుబ్లీనుండి బెంగుళూరు చేరెను. బళ్ళారి జిల్లాయు తప్పించుకొనలేదు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము చేసెను. అందు నాలుగే సెక్షనులు. అధికారము మాత్రము అపారము. రైలు దిగినవారి చంకలు తడవి బిళ్ళల కొరకు చూచిరి. మదరాసు రాజధానిలో, ప్లేగు తగిలిన ఊళ్ళనుండి వచ్చినవారికి పాసుపోర్టులిచ్చి, పదిదినములు అధికారులకు కనబడుచుండవలెననిరి. పూనాలో సైనికులే ఇండ్లలో జొచ్చి, స్త్రీలనక వృద్ధులనక పరీక్షించి, రోగులను ఆసుపత్రికిని ఇంటివారిని శిబిరములకును తరలించిరి. 1897 జూన్ 22వ తేదీ రాత్రి అచ్చటి ప్లేగు అధికారి రాండుపై కాల్పులు జరిగెను. కొన్ని దినములకు ఆయన మరణించెను. జనులు రోగిని అటుకపై దాచిరి. దాచిన రోగికి వైద్యమెక్కడిది?

ఇంతకును వెదకవలసినది మనుష్యుని కాదు, ఎలుకను. ఎలుక చచ్చి చల్లబడగనే దాని బొచ్చులోని రక్తము పీల్చు రెక్కలులేని పురుగు మనుష్యునిపైకి దుముకును. ఈ సంగతిని సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లోనే చెప్పెను. పెద్దలు నమ్ముటకు పదేండ్లు పట్టెను! మన పల్లెవారు ఏ గ్రంథమును చదువలేదు. ఇంట ఎలుకలు రాలినచో ఊరు విడిచి, పొలములలో గుడిసెలు వేసికొనిరి. నా తలంపున ఆనాటి చికిత్సలన్నింటికంటె అదియే మేలు. ప్రభుత్వమును తుదకు ఆ పద్ధతినే ప్రోత్సహించెను.

టీకా కథ వేరు. హాఫ్‌కిన్ 1897 జనవరిలో తన మందును మొదట తన శరీరముపైననే పరీక్షించుకొనెను. హుబ్లీలో వేలకొలది జనులు దానిని వేయించుకొనిరి. 1902లో పంజాబునందలి మల్కోవాల్ గ్రామమున, ఒక సీసా కలుషితమగుటచే, టీకా పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. నింద హాఫ్‌కిన్‌పై పడెను. ఆయన నిర్దోషియని తేలుటకు 1907 వచ్చెను. ఈ లోపల టీకాయన్న జనులకు భయము పట్టుకొనెను.

ఆ 1897 చట్టమునే 2020లో కరోనానాడు మరల ప్రయోగించిరి. ప్లేగునకు నేడు స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు కలవు. ఆలస్యము చేయక వాడినచో ప్రాణము దక్కును. అయినను ఎలుకలు కారణము లేక రాలుచున్నచో, వట్టి చేతులతో ముట్టక ఆరోగ్యశాఖవారికి తెలుపవలెను.