పాత గేజీల వయస్సును గుర్తించుట ఎట్లు?

మోటారు వర్కుషాపులలో టైరులోని గాలి ఒత్తిడిని, స్పార్కుప్లగ్గు మొనల నడుమ ఎడమును కొలుచు సాధనములను గేజీలందురు. అమెరికాలో తయారైన పాత గేజి మన చేతికి వచ్చినచో, అది ఏనాటిదో తెలుపు సాక్షులు మూడు కలవు. అవన్నియు దానిపై అచ్చొత్తిన అక్షరములలోనే యున్నవి.

మొదటిది తయారీదారు పేరు. ఉదాహరణకు, స్టారెట్ సంస్థ 1880లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి అథాల్ పట్టణమున స్థాపింపబడినది. ఆ పేరు గల గేజి అంతకు పూర్వపుది కాజాలదు.

రెండవది పేటెంటు సంఖ్య. అమెరికా పేటెంటులలో 10 లక్షలవది 1911లోను, 20 లక్షలవది 1935లోను, 30 లక్షలవది 1961లోను వెలువడినవి. వీనిలో మొదటి రెండును వాహనముల టైరుకు, చక్రమునకు సంబంధించినవే యగుట విశేషము. అయితే పేటెంటు వెలువడిన యేడు గేజి తయారైన యేడు కాదు. ఆ కాలమున పేటెంటు హక్కు 17 సంవత్సరములుండెడిది. అన్నాళ్లును అదే సంఖ్యను ముద్రింపవచ్చును.

మూడవది చిరునామా. అచటి పెద్ద నగరముల పేర్ల ప్రక్కన ఒకటి రెండంకెల తపాలా మండల సంఖ్య 1943లోను, ఐదంకెల జిప్ కోడ్ 1963లోను ప్రవేశించినవి.

ఈ మూడింటిలో అన్నిటికంటె తరువాతి సంవత్సరమునే మనము హద్దుగా గ్రహింపవలెను. గేజి దానికి ముందుది కాదు; తరువాతిది కావచ్చును. తుప్పు వదలించుటకై గరుకు కాగితముతో రుద్దినచో అక్షరములు చెరగిపోవును. మెరుపు మిగులును గాని చరిత్ర మిగులదు. కావున ముందు చదివి, వ్రాసికొని, పిదపనే శుభ్రపరుపవలెనని విద్యార్థి మిత్రులకు మనవి చేయుచున్నాము.